బుగ్గ కాడున్న

ఆ వానకాలం నేను నీళ్లు పోయాల్సింది నా బిడ్డకు. పోసింది వేరేవాళ్ల తల్లికి. కథ ఇంతే. ఇంతే అంటే ఎవరూ ఊరుకోరు, మధ్యలో ఏమైందని అడుగుతారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే నేనే చెబుతున్నాను.

మాది ఎల్లారెడ్డికి ఆరు కిలోమీటర్ల అవతల ఒక చిన్న ఊరు. నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా అత్త నాకు బాలింతలకు, పసిపిల్లలకు నీళ్లు పోయడం నేర్పింది. చూసేవాళ్లకు అదేం పెద్ద పనిలా ఉండదు. నీళ్ల వేడి మోచేతికి తెలియాలి, పిల్ల మెడ అరచేతికి తెలియాలి. ఇరవై అయిదేళ్లు అదే పని చేశాను. ఇప్పుడు బండ్ల మీద సర్రున పోతూ నన్ను చూసి హారన్ కొట్టే పోరగాండ్లు ఎంతమందో నా కాళ్ల మీద బోర్లా పడుకొని గుక్కపెట్టి ఏడ్చినవాళ్లే. ఎవరి నడుం మీద ఏ మచ్చ ఉందో నాకు తెలుసు. ఆ సంగతి గుర్తుచేస్తే హారన్ మానేసి తల దించుకొని పోతారు.

మోకాళ్లు పట్టేసిన ఒక ముసలమ్మకు తానం చేయించే మనిషి కావాలని కువైట్ నుంచి అడిగినప్పుడు ఏజెంటుకు ఎవరో నా పేరే చెప్పారు. అట్లా పోయాను. ఆ ఇంట్లో ముసలమ్మను అందరూ మామా కబీర్ అంటారు, అంటే పెద్దమ్మ అని. ఆమె కూతురు ఇంటికి యజమాని. ఆమెను మేడం అనేవాళ్లం. మామా కబీర్‌కు నేను తప్ప ఇంకెవరు నీళ్లు పోసినా సరిపడేది కాదు. మొదట్లో అది నాకు గొప్పగా ఉండేది. తర్వాత తెలిసింది, అదే నా కాలిని గుంజకు కట్టేసిన తాడు అని.

రెండేళ్ల ఒప్పందం జూన్‌లో అయిపోతుంది. నా బిడ్డ సాయిలతకు జులై మొదటి వారంలో కాన్పు అన్నారు. తొలి కాన్పు, మా ఇంట్లోనే జరగాలి. అల్లుడు శేఖర్ మస్కట్‌లో ఉన్నాడు. వియ్యపురాలు పెళ్లికి ముందే పోయింది. మా పక్కింటి భూమక్క ఉంది కానీ, యాభై ఏళ్లు బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్లు ఇప్పుడు చెంబు కూడా గట్టిగా పట్టుకోలేవు. నా బిడ్డకు నీళ్లు పోయడానికి నా చెయ్యి ఒక్కటే ఉంది.

మేలో మేడం సెలవుకు సరే అంది. ఆ రోజే ఫోన్ చేశాను.

"వస్తున్న బిడ్డా. నెల అయితది అంతే."

"నిజంగనేనా అమ్మా? మల్ల మాట మారుస్తవా?" అంది సాయిలత.

"మారుస్తె నన్ను అడుగు. జూన్ అఖర్ల ఇంట్లుంట."

పక్కనుంచి మా ఆయన హన్మండ్లు గొంతు వినిపించింది. "దిగే దినం చెప్పమను. షంషాబాద్ వస్త నేను."

"ఎవరు రావద్దు. నేను దిగినంక ముందుగాల బుగ్గకు పోత. ఆడ తానం జేసి, గీ పరాయి ముల్కు మట్టి అంత కడుక్కోని అప్పుడే ఇంట్ల అడుగుపెడ్త. బాలింతను ముట్టుకునే చెయ్యి ఇది."

నేలలోంచి నీళ్లు ఊరే చోటును మా దిక్కు బుగ్గ అంటారు. రామారెడ్డి అవతల గుట్టల్లో ఒక ఊట ఉంది, పక్కన శివుడి గుడి. కువైట్ పోయే ముందు అక్కడ తలకు పోసుకొని, మళ్లీ వచ్చి ఇక్కడే పోసుకుంటానని మొక్కుకొని పోయాను. ఆ సంగతి మా ఇంట్లో వాళ్లకు కంఠస్థం.

జూన్ రెండో వారంలో మేడం నన్ను పిలిచి కూచోబెట్టింది. కూచోమందంటేనే ఏదో మారిందని నాకు తెలిసిపోయింది.

"గంగా, డాక్టరు మా అమ్మకు ఉడుకు నీళ్ల వైద్యం రాశాడు. ఇటలీలో ఒక దీవి ఉంది. అమ్మ నువ్వు లేకుండా రానంటోంది. నీ పాస్‌పోర్ట్ వీసాకు పంపించాను. వచ్చాక నిన్ను వెంటనే ఇంటికి పంపుతా."

"ఎన్ని రోజులు మేడం? నా బిడ్డకు కాన్పు..."

"చూద్దాం. పది రోజులు, పదిహేను రోజులు."

అప్పుడే గట్టిగా రానని అనాల్సింది. అనలేదు. అంటే ఏమయ్యేదో నాకు తెలియదు, ఎందుకంటే నేను అనలేదు. ఇంటికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సింది. అదీ చేయలేదు. "ముసలామెకు పాణం బాగలేదు, ఆమెతోని సముద్రం ఊరికి పోతున్న, పది రోజులల్ల వస్త" అన్నాను. బిడ్డకు బీపీ ఎక్కువ ఉందన్నారు, భయపడుతుందేమో అనుకున్నాను. అది సగమే నిజం. మాట మారుస్తవా అని అది అడిగిన అడుగుడు నా చెవిలోనే ఉంది. మార్చానని చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని రోజులు జరిపాను.

ఇస్కియా ఆ దీవి పేరు. నేపుల్స్ నుంచి పెద్ద పడవలో గంటన్నర. దిగగానే రంగురంగుల ఇండ్లు, నిమ్మచెట్లు, ఎక్కడ చూసినా సముద్రం. మేడం పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను వీల్‌చైర్ చక్రం రాళ్ల సందులో ఇరుక్కోకుండా చూసుకుంటున్నాను.

దీవి కింద నిప్పు ఉందట. అందుకే ఎక్కడపడితే అక్కడ నేలలోంచి ఉడుకు నీళ్లు వస్తాయి. ఒక చోటైతే సముద్రంలోనే, ఒడ్డున రాళ్ల మధ్య నీళ్లు కుతకుతమంటుంటాయి. జనం అందులో కోడిగుడ్లు ఉడకబెట్టుకొని తింటారు. రెండు వేల ఏళ్ల నుంచి రాజులు, సిపాయిలు వచ్చి ఈ నీళ్లలో కూచొని పోయేవారని హోటలు మనిషి చెప్పాడు. మా దగ్గర వాకిలి ముందర మూడు రాళ్లు పెట్టి నీళ్లు కాచారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఇక్కడ ఊరు ఊరంతా వాకిళ్లలోనే నీళ్లు కాగుతున్నాయి. మొదటి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

పని మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే. పొద్దున మామా కబీర్‌ను లేపాలి, కూచోబెట్టాలి, ఉడుకు తొట్టెలోకి దించాలి, పైకి లేపాలి, తుడవాలి, మోకాళ్లకు మట్టి పూయాలి, కడగాలి. సాయంత్రం మళ్లీ మొదటి నుంచి. నా నడుం గురించి అడిగే వైద్యం ఆ దీవిలో లేదు.

ఒక రోజు కోట చూడటానికి పోయాం. సముద్రంలో ఒక పెద్ద బండ, దాని మీద కోట. పైదాకా లిఫ్టు ఉంది. పైన ఒకప్పుడు సన్యాసినులు ఉండేవారట. వాళ్ల సమాధులు కింద గదుల్లో ఉన్నాయన్నారు, మెట్లు దిగాలి. మామా కబీర్ దిగలేదు.

"నువ్వు పోయి చూసి రా. వచ్చి నాకు చెప్పు," అంది.

దిగాను. చిన్న చిన్న చీకటి గదులు. గోడల వెంట రాతి కుర్చీలు, ఒక్కో కుర్చీ మధ్యలో బొక్క. ఇంతమందికి వరసగా మరుగుదొడ్లు కట్టించారు, మంచి సౌకర్యం అనుకున్నాను. అప్పుడు గైడు చెప్పింది మేడం కొడుకు నాకు అరబ్బీలో చెప్పాడు. సన్యాసిని చనిపోతే ఆ కుర్చీలో కూచోబెట్టేవారట. శరీరం కరిగి కింద గిన్నెలోకి కారిపోయేదట. మిగిలిన వాళ్లు రోజూ వచ్చి ఆ గదిలో ప్రార్థన చేసేవారట.

చచ్చిపోయాక కూడా పడుకోనివ్వలేదు పాపం అనుకున్నాను. నా మోకాళ్లూ నొప్పిగానే ఉన్నాయి, అక్కడున్నవి కుర్చీలే, అయినా నిలబడే ఉన్నాను.

పైకి వచ్చాక మామా కబీర్ అడిగింది. "ఏముంది?"

"కుర్చీలు," అన్నాను.

"అంతేనా?"

"అంతే మామా."

తొమ్మిదో రోజు. ఆ రోజు వేరే ఊటకు తీసుకుపోయారు. రెండు కొండల మధ్య సన్నటి లోయ, దాని చివర రాతిలో తొలిచిన పాత తొట్టెలు. కారు కొంత దూరమే పోతుంది. వీల్‌చైర్‌ను ఇద్దరు మనుషులు ఎత్తి నడిచారు. నేను వెనక బట్టల సంచి పట్టుకొని నడుస్తున్నాను. అప్పుడు ఫోన్ మోగి ఆగిపోయింది. సాయిలత తన మాట రికార్డు చేసి పంపింది.

"అమ్మా, పొద్దటిసంది నడుము గుంజుతున్నది. నువ్వు ఏడున్నవ్? పది రోజులన్నవ్ గదా."

తిరిగి చేస్తే కలవలేదు. లోయలోకి పోయేకొద్దీ సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోతున్నాయి. ముందు నుంచి మామా కబీర్ నన్ను పిలుస్తోంది. నేను నడుస్తూనే ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకొని గబగబా చెప్పాను.

"బిడ్డా, నేను బుగ్గ కాడికొచ్చిన. ఈడ సిగ్నల్ వస్తలేదు. తానం అయినంక చేస్త. నువ్వు పండుకో, నడువకు."

నేలలోంచి నీళ్లు ఊరే చోటును నేను ఇంకేమంటాను? చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన మాట అదొక్కటే. మాట పోయినట్టు గుర్తు కనపడింది. ఫోన్ సంచిలో వేసి ముసలమ్మ దగ్గరికి పరిగెత్తాను.

ఆ లోయలో మూడు గంటలున్నాం. ఊట దగ్గర నీళ్లు అంటుకుంటే బొబ్బలు లేచేంత వేడి, వాటిని చల్లార్చి తొట్టెల్లోకి వదులుతారు. నేను నా మోచెయ్యి పెట్టి చూసి, ఇంకా వేడి ఉందని చెప్పి, అక్కడి మనిషితో వాదించి ఇంకొంచెం చల్లార్పించాను. మామా కబీర్ తొట్టెలో కళ్లు మూసుకొని కూచుంది. ఆమె ముఖంలో హాయి చూసి నాకు తృప్తి కలిగిన మాట అబద్ధం కాదు. చేతికి అలవాటైన పని అట్లాంటిది.

మధ్యలో సబ్బు అయిపోతే కారు దగ్గరికి పోయి తెచ్చే పని పడింది. లోయ బయటికి రాగానే సంచిలో ఫోన్ టింగు టింగుమని ఆగకుండా మోగింది. సాయిలత నంబరు నుంచే తొమ్మిది సార్లు చేశారు. చేశాను. ఎత్తింది సాయిలత కాదు, భూమక్క.

"ఏడున్నవే గంగా? ఇంకా ఆణ్నే ఉన్నరా ఇద్దరు?"

"ఇద్దరెవలు భూమక్కా? సాయిలత ఏది?"

"ఎల్లారెడ్డి దవాఖాన్ల ఉన్నం. నొప్పులు లేసినయ్ బిడ్డకు. నూట ఎనిమిదికి ఫోన్ చేయించి నేనే తోలుకొచ్చిన. హన్మండ్లు ఫోన్ కలుస్తలేదు. ఆడ గుట్టలల్ల సిగ్నల్ ఉండది గదా. ఏమైందే, బండి గిట్ల ఖరాబైందా?"

"ఏ గుట్టలు? ఆయన ఏడికి పోయిండు?"

"నిన్ను తీస్కరావోయిండు. నువ్వే అంటివి గదనే, బుగ్గ కాడికొచ్చిన అని. సాయిలత ఉరికొచ్చి మాకు అందరికి వినిపిచ్చింది. అమ్మొచ్చింది, అమ్మొచ్చింది అని గెంతులేసింది, గంత కడుపు పెట్టుకోని. నువ్వు ఆకలి మీద ఉంటవని సర్వపిండి జేసి డబ్బల పెట్టిచ్చింది. బాపూ జల్ది పో, అమ్మ ఒక్కతే ఉన్నదని అదే తోలింది."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"గంగా? ఇనవడుతుందా? నువ్వు బుగ్గ కాడ లేవా?"

"లేను భూమక్కా."

"మరేడున్నవే?"

నోరు తెరిచాను. ఇస్కియా అన్నా, ఇటలీ అన్నా ఆమెకు ఏమి అర్థమవుతుంది? దూరం అని మాత్రం అన్నాను. మస్తు దూరమున్న అక్కా అన్నాను. అవతల ఎవరో లోపలికి పిలిచారు, ఆమె ఫోన్ పెట్టేసింది.

రోడ్డు పక్కన ఒక రాయి మీద కూచున్నాను. మా ఊరి నుంచి బుగ్గకు యాభై కిలోమీటర్లు. ఆ పాత బండి మీద, డబ్బా చేతికి తగిలించుకొని ఆయన పోయిన దారంతా నాకు కనపడింది. చేతిలో ఫోన్ ఉంది, చేస్తే కలవదు. ఏడుపు రాలేదు. ఏడుపుకు కూడా కొంచెం ఓపిక కావాలి.

లోయలోంచి ఒక మనిషి వచ్చి చేయి ఊపాడు. మామా కబీర్ పిలుస్తోందట. సబ్బు తీసుకొని లోపలికి పోయాను. వీపు రుద్దాను. నీళ్లు పోశాను. ఏమైంది, సబ్బుకు ఇంతసేపా అని ఆమె అడిగింది. ఏం లేదన్నాను.

దీవిలో సాయంత్రం నాలుగున్నరకు ఆయన ఫోన్ వచ్చింది. అక్కడ అప్పటికి ఎనిమిది.

"ఆడివిల్ల," అన్నాడు. "ఇద్దరు మంచిగున్నరు."

"నువ్వు ఎప్పుడొచ్చినవ్?"

"ఇప్పుడే. కామారెడ్డి దాటినంక భూమక్క ఫోన్ కలిసింది. పొద్దుగూకేదాంక కూసున్న గంగా. జనం బాగనే ఉండ్రి. ఎవలో ఆడోళ్లు తానం జేస్తుంటె, ఎనకనుంచి నీ తీర్గనే కనవడ్తె, రెండు సార్లు లేసి పోయిన. తిట్టిండ్రు."

నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది. ఆయన ఎప్పుడూ అనడు. అదే నాకు కష్టం.

"సాయిలతకు ఇయ్యి," అన్నాను.

ఫోన్ చేతులు మారిన చప్పుడు, తర్వాత గుసగుస. మళ్లీ ఆయనే వచ్చాడు.

"పండుకున్నది."

పండుకోలేదని ఇద్దరికీ తెలుసు. ఎందుకంటే వెనక నుంచి దాని గొంతు స్పష్టంగా వినపడింది. "ఉన్నది ఉన్నట్టు చెప్తె నువ్వు నా కాడ్నే ఉండేటోనివి బాపూ. నొప్పులకు నేను ఎవల చెయ్యి పట్టుకోవాలె?"

మేడం దగ్గరికి పోయి ఇంటికి పంపమని అడిగాను. ఆ రోజు గట్టిగానే అడిగాను, అడగాల్సిన రోజు అయిపోయాక. మేడం నన్ను కౌగిలించుకొని మబ్రూక్, శుభం అంది. టిక్కెట్లన్నీ కలిపి ఆగస్టుకు ఉన్నాయి, డాక్టరు సీజనంతా ఉండమన్నాడు, అమ్మ సంగతి నీకు తెలుసు కదా అంది. చెడ్డ మనిషి కాదు. ఆమె కూడా తన తల్లి కోసమే చేస్తోంది. నా బిడ్డ తల్లిని తన దగ్గర పెట్టుకొని చేస్తోంది.

ఆ సంగతి మామా కబీర్‌కు మరుసటి రోజు తెలిసింది. "మరి అక్కడ బిడ్డకు నీళ్లు ఎవరు పోస్తారు?" అని అడిగింది. ఆ దీవిలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

బొడ్డు ఊడి పడ్డాక నీళ్లు పోయాల్సిన రోజు వచ్చింది. భూమక్క వేళ్లు పనికిరావు. ఊరిలో వేరే వాళ్లను పిలుద్దామంటే సాయిలత వద్దంది. హన్మండ్లు తనే పోస్తానన్నాడు. రైస్‌మిల్లులో బస్తాలు మోసే మనిషి, పుట్టిన పిల్లను చేతుల్లోకి తీసుకోవడానికే భయపడే మనిషి. మగవాడు పసిపిల్లకు నీళ్లు పోయడం మా ఊరిలో ఎవరూ చూడలేదు. భూమక్క నోరు నొక్కుకుంది, ఫోన్ మాత్రం బాలింత గది కిటికీలో ఆనించి నిలబెట్టింది.

అక్కడ పదకొండున్నర, ఇక్కడ ఎనిమిది. మామా కబీర్ తొట్టెలోకి దిగే సమయం. నేను ఫోన్ పట్టుకొని నిలబడ్డాను. ఆమె నా చేతిలోని ఫోన్ వైపు చూపించి, "ముందు అది కానీ. నా మోకాళ్లు ఎక్కడికీ పోవు," అంది.

"పీట మీద కూసో. కాళ్లు సాపు. పిక్కలు కలుపు. పిల్ల తల నీ పాదాల దిక్కుండాలె," అన్నాను.

"గిట్లనా?"

"గట్ల కాదు. మెడ కింద చెయ్యి. మెడ కింద!"

"పెట్టిన. నువ్వు లొల్లి జేయకు, నాకు చెమటలు వడ్తున్నయ్."

"నీళ్లు మోచేతితోని చూడు. చేత్తోని కాదు, నీ చేతికి ఏం తెల్వది."

ఆయన మోచెయ్యి బకెట్లో ముంచి చాలాసేపు ఆలోచించాడు. నా పక్కన కుర్చీలో మామా కబీర్ ముందుకు వంగి ఫోన్‌లోకి చూస్తోంది. ఆమె తొమ్మిది మందిని కన్న మనిషి. తెలియకుండానే ఆమె రెండు చేతులూ గాలిలో పిల్లను పట్టుకున్నట్టు ఆడుతున్నాయి.

"ష్వయ్యా, ష్వయ్యా," అంది ఫోన్‌లోకి.

"ఏమంటున్నది ముసలామె?" అన్నాడు ఆయన.

"మెల్లగ అంటున్నది."

"మెల్లగనే పోస్తున్న అని చెప్పు."

మొదటి చెంబు నీళ్లు పడగానే పిల్ల కెవ్వుమంది. నా మనుమరాలి గొంతు అంత దగ్గరగా వినడం అదే మొదటిసారి. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆపకు, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి పొయ్యి అని నేను అరుస్తున్నాను. సాయిలత మంచం కాలు ఒకటి, దాని పాదం ఒకటి ఫోన్‌లో కనపడుతున్నాయి. అది ఒక్కసారి కూడా ముందుకు వంగలేదు.

మరుసటి రోజు పిల్ల వీపు ఎర్రగా కందింది. "నా చెయ్యి గరుకున్నది, గీసుకున్నది పోరికి," అన్నాడు. ఆయన గొంతులో తప్పు చేసినవాడి బాధ ఉంది. ఆ మరుసటి రోజు నుంచి ఫోన్‌లో ఆయన కుడి చేతికి ఏదో బట్ట చుట్టి ఉండేది. ఏం బట్టో అడగలేదు. చూసుకొని చూసుకొని నీళ్లు పోయడం వచ్చేసింది ఆయనకు. మూడు వారాలయ్యేసరికి నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. "నువ్వు నీ పని చేస్కో, నేను పోస్త తియ్," అని ఫోన్ పెట్టేసేవాడు. నేను నా పని చేసుకున్నాను.

ఆగస్టు ఆఖరున కువైట్ వచ్చాం. నాలుగో రోజు నన్ను విమానం ఎక్కించారు. మామా కబీర్ గుమ్మం దాకా వచ్చింది, కర్ర పట్టుకొని, నడిచి. ఆ దీవి నీళ్లు ఆమెకు నిజంగానే పనిచేశాయి.

ఈసారి దిగే తారీఖు, టైము, విమానం పేరు అన్నీ మూడు సార్లు చెప్పాను. హన్మండ్లు షంషాబాద్ వచ్చాడు. పెద్దగా మాట్లాడుకోలేదు. బస్సు కామారెడ్డిలో ఆగినప్పుడు దిగి చాయ్ తాగాం.

"బుగ్గకు పోదామా?" అన్నాడు గ్లాసులోకి చూస్తూ. "ఆటో మాట్లాడ్త. మొక్కున్నవ్ గదా."

"వద్దయ్యా. ఇంటికే పోదం."

"మల్ల అంటవు, మట్టి కడుక్కోలేదని."

"రెండు నెలలు కడిగిన తియ్. ఇంకేం మిగల్లేదు."

భూమక్క వాకిట్లోనే ఆపి నా కాళ్ల మీద పసుపు నీళ్లు పోసి లోపలికి రానిచ్చింది. సాయిలత గుమ్మంలో నిలబడింది, చిక్కిపోయింది. వచ్చినవా అని భూమక్కే అంది. సాయిలత పిల్లను నా చేతుల్లో పెట్టి లోపలికి పోయింది. తినడానికి పిలవాల్సి వస్తే, "బాపూ, అన్నం పెట్టిన, తినుమను" అంది. ఎవరిని తినమంటుందో పేరు లేదు.

మరుసటి రోజు పొద్దున నేనే నీళ్లు కాచాను. పీట వేసుకొని, కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. రెండు నెలలుగా నా చేతులు ఈ బరువు కోసమే తపించాయి. మోచెయ్యి ముంచి చూశాను. నూనె రాశాను, పెసరపిండి పెట్టాను. చెంబు ముంచి వీపు మీద మెల్లగా పోసి, అరచేత్తో రుద్దాను.

పిల్ల కెవ్వున లేచింది. ముఖం ఎర్రబడి, కాళ్లు తన్నుకొని, ఊపిరి అందనంతగా ఏడుస్తోంది. నీళ్లు వేడి లేవు, చల్లగా లేవు. మళ్లీ చూశాను. పట్టు మార్చాను. బోర్లా తిప్పాను, వెల్లకిలా తిప్పాను. ఏం చేసినా ఆగలేదు. ఇరవై అయిదేళ్లలో ఏ పిల్లా నా కాళ్ల మీద ఇట్లా బెదరలేదు. హన్మండ్లు దండెం పక్కన నిలబడి ఏదో చెప్పబోయి ఆగాడు. నేను తప్పు చేశానని ఎవరూ అనాల్సిన అవసరం లేకుండా పిల్లే అంటోంది.

అప్పుడు గుమ్మంలోంచి సాయిలత అంది.

"అమ్మా, చేతికి బట్ట కట్టుకో. దానికి గట్లనే అలవాటు."

రెండు నెలల తర్వాత అది నన్ను పిలిచిన మొదటి పిలుపు అది.

హన్మండ్లు దండెం మీది బట్ట తీసుకొని నా ముందు కూచున్నాడు. అప్పుడు చూశాను. నేను కువైట్ పోయేనాడు విప్పి పెట్టిపోయిన పాత నేత చీర. ఆకుపచ్చ అంచు, ఉతికి ఉతికి మెత్తబడింది. నిలువుగా చింపి జానెడు వెడల్పు పట్టీలు చేశారు. ఆయన నా కుడి చేతికి దాన్ని చుట్టాడు, బొటనవేలు బయటికి వదిలి, మణికట్టు దగ్గర ముడి వేశాడు. నా చెయ్యి గరుకు కాదు. అయినా కట్టనిచ్చాను.

చెంబు ముంచి మళ్లీ పోశాను. బట్ట తడిసి పిల్ల వీపు మీద జారింది. ఏడుపు ఒకసారి వెక్కిళ్లలోకి దిగింది, మళ్లీ లేవబోయింది, ఆగింది. సాయిలత వచ్చి నా పక్కన కింద కూచుంది, పిల్ల పాదం పట్టుకుంది.

"మెల్లగ," అన్నాడు హన్మండ్లు. "మెడ కింద చెయ్యి. గట్ల కాదు, గిట్ల. నాలుగు రోజులైతే వస్తది తియ్ నీకు గూడ."

ఊరిలో సగం మందికి నీళ్లు పోసినదాన్ని. సరే అన్నాను. మెడ కింద చెయ్యి ఆయన చూపించినట్టే పెట్టి, ఇంకో చెంబు ముంచాను.